అమ్మ చింపని కేకు పేజీ

నల్గొండల ఇల్లు మారుతున్నం. కొత్తింట్ల వంటల పుస్తకాలకు ఒక్కటే అర ఉన్నది. ఏవి ఉంచాల్నో, ఏవి ఇచ్చెయ్యాల్నో చూస్తుంటే అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి చేతికొచ్చింది. తెరువంగనే నూనె వాసన!

దోస్తులూ, దసరాకు మీ ఇండ్లల్ల గూడ గారెలు కాల్చి కాగితం మీదనే వేసేటోళ్లు గదా? కాగితం మీది అక్షరాలు గారెలకు ఉల్టా అచ్చు పడేటియి, యాదికున్నదా? మా ఇంట్ల ఆ కాగితం గీ పుస్తకానిదే. నేను చదివితే అమ్మ వండుతదని బాపు నకిరేకల్ నుంచి తెచ్చిండు. అమ్మకు చదువు రాదు. చింపే ముందు "గిదేం వంట బిడ్డా?" అని అడిగేది. పేరు చెప్తే "గది నాకొస్తది తియ్" అని చింపేది. లేకుంటే "గవన్ని మనకేడ దొరుకుతయ్" అని చింపేది.

ఒకపారి కేకు బొమ్మ ఉన్న పేజీ వచ్చింది. "దీనికి ఓవెన్ కావాల్నంట అమ్మా" అన్న. అమ్మ నా మొఖం దిక్కు చూసింది. పేజీ చింపలే. తెల్లారి, పల్లీలేంచే ఇసుకనే పొయ్యి మీది గంజుల పోసి, అండ్ల గిన్నె పెట్టి, ఎన్నడు చూడని కేకు నాకోసం చేసింది. అడుగు మాడింది. గీకి గీకి తిన్నం.

గీ ముచ్చటంత విని నా బిడ్డ, "ఇయ్యాల చేద్దామా అమ్మా? మనకు ఓవెన్ ఉన్నది గదా" అన్నది.

అరల ముందుగాల గా పుస్తకమే పెట్టిన. ఇప్పుడు గిన్నె పట్టుకొని, ఎదురుంగ కడుతున్న ఇంటి కాడికి ఇసుక అడగనీకి పోతున్న.