రొయ్యల వల కింద కోళ్లు

ఉద్యోగం కొత్తలో మనిషికి తను చదివిందంతా నిజమేనన్న నమ్మకం ఉంటుంది. నాకది కాస్త ఎక్కువగానే ఉండేది. ఆ రోజుల్లో, అంటే ఊరూరా సచివాలయాలు కొత్తగా తెరిచిన రోజుల్లో, భీమవరం దగ్గర ఒక పల్లెలో పశుసంవర్ధక సహాయకురాలిగా చేరాను. ఉద్యోగం పేరు చాంతాడంత ఉన్నా చేతిలో ఉన్నది రెండేళ్ల డిప్లొమా, ఒక ఐస్ బాక్సు, కొన్ని టీకా సీసాలు. ఊళ్లోవాళ్లు మాత్రం మొదటి రోజే డాక్టరమ్మగారూ అనేశారు. (కాదని చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఎప్పుడూ చెప్పలేదు.) ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ ఏడాదంతా నేను చేసిన పని కోళ్ల వెంట పరిగెత్తడమే అనిపిస్తుంది. తలుచుకుంటే ఈరోజుకీ కాళ్లు పీకుతాయి.

నేను అద్దెకున్న గది రిటైరైన ఒక టీచరుగారిది. పెళ్లి చేసుకోలేదు, ఒక్కరే ఉండేవారు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడకి కంటి ఆపరేషన్ అయి చూపు చక్కగా వచ్చేసరికి, ఆ సంతోషంలో చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, ఈసారి కోత పండుగకి ఒక పుంజుని ఇస్తానని చెప్పేశారు. ఆ పండుగకి అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో పండింది, పెరిగింది వాళ్లు తెచ్చి అర్పిస్తారు. గుమ్మడికాయో, అరటిగెలో, ధాన్యం బస్తానో, కోడో. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు, వచ్చింది చర్చికి జమవుతుంది. చిక్కేమిటంటే పిన్నిగారి పెరట్లో అప్పటికి కోడి ఈక కూడా లేదు. ఊళ్లో ఎవరి దగ్గరో ఒక పుంజుని కొని ఇచ్చేస్తే సరిపోతుంది కదండీ అన్నాను. కొన్నది ఇస్తే కానుక అవుతుంది గానీ కోత అవ్వదమ్మా అన్నారావిడ. ఇక నా చదువు ఊరుకోలేదు. పండుగకింకా బోలెడు నెలలున్నాయి, పొదిగే పెట్టని తెచ్చి గుడ్లు వేద్దాం, మిగతాది నాకొదిలేయండి అన్నాను. అలా ఆవిడ మాట, నా పరువు రెండూ ఒకే గంప కింద చేరాయి.

వేసిన గుడ్లన్నీ దాదాపు పిల్లలయ్యాయి. నేను పొంగిపోయాను. ఆ పొంగు గద్ద వచ్చేదాకానే. అది రోజూ ఆఫీసు టైముకి వచ్చినట్టు వచ్చి ఒక పిల్లని ఎత్తుకుపోయేది. పక్కింటావిడ పిల్లలకి రంగు పూయండి, గద్ద పోల్చుకోలేదు అంది. నా పుస్తకాల్లో ఆ మాట లేదు, అయినా మిఠాయి రంగు కలిపి అన్నిటినీ ముంచి తీశాను. కోడిపిల్లలు జిలేబీల్లా తయారయ్యాయి. గద్ద పోల్చుకోలేకపోయిన మాట ఏమో గానీ, తల్లికోడి రెండు రోజులు వాటిని దగ్గరికి రానివ్వలేదు. తరవాత ముంగిస వచ్చి తల్లినే పట్టుకుపోయింది. అప్పట్లో నేను సాయంత్రాలు మహిళలని కూర్చోబెట్టి పెరటి కోళ్ల పెంపకంలో లాభాల గురించి చెబుతూ ఉండేదాన్ని. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

ఆ టైములో వచ్చారు పిన్నిగారి తమ్ముడుగారు. రొయ్యల చెరువులు లీజుకి చేస్తారు. సంగతంతా విని, దీనికింత బాధెందుకండి, మా చెరువుల మీద కొంగలు వాలకుండా కట్టే వల పాతది ఒకటుంది, పెరడంతా కప్పేస్తే సరి అన్నారు. అన్నట్టే మర్నాడు వల పట్టుకొచ్చారు. ఇద్దరం కలిసి గోడ నుంచి గోడకి, జామచెట్టు కొమ్మలకి కాస్త కిందుగా, ఎక్కడా సందు లేకుండా బిగించి కట్టాం. ఆ రోజు నుంచి గద్ద పైన చక్కర్లు కొట్టడమే గానీ దిగలేదు. నేను ఆ వలని ఫోటో తీసి మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పైఅధికారి బొటనవేలి బొమ్మ పెట్టారు. నా ఉద్యోగంలో నాకొచ్చిన మొదటి మెప్పు అదే. (రెండోది ఇంకా రావలసి ఉంది.)

పిల్లలు పెరిగి పెట్టలూ పుంజులూ అయ్యాయి. ఇక పండుగే తరవాయి అనుకుంటున్న రోజుల్లో, ఒక ఉదయం పెరటి గుమ్మానికి కట్టిన తడిక పక్క నుంచి కుక్కలు దూరాయి. వాటి నాయకుణ్ణి ఊళ్లో అందరూ ప్రెసిడెంటు అంటారు. రోజంతా మా సచివాలయం మెట్ల మీదే పడుకుంటుంది కాబట్టి నాకు రోజూ ముఖపరిచయమే. మామూలుగా కుక్క కనబడితే కోడి ఏం చేస్తుంది? రెక్కలు కొట్టుకుని చెట్టెక్కుతుంది. మా కోళ్లూ పాపం అదే చేశాయి. ఎగిరినవి ఎగిరినట్టే వలకి కొట్టుకుని తిన్నగా కుక్కల ముందు పడ్డాయి. మేము కర్రలు పట్టుకుని వెళ్లేసరికి పెరడంతా ఈకలే. రొయ్యకి శత్రువు పైనుంచి వస్తుంది, రొయ్య ఎగరదు. కోడి ఎగురుతుంది. ఇంత చిన్న సంగతి చెరువులు చేసే ఆయనకీ తట్టలేదు, కోళ్ల మీద పరీక్ష రాసి పాసైన నాకూ తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను కూడా.

మిగిలింది ఒక్క పుంజు. మందు వేద్దామని ముందు రోజు దాన్ని గంప కింద మూసి, ఆ సంగతి మరిచిపోయాను. ఆ మతిమరుపు వల్ల అది బతికింది. పిన్నిగారు గంప కాస్త ఎత్తి చూసి, వచ్చి నా పక్కన కూర్చున్నారు. "నేను అందరి ముందూ ఇచ్చిన మాట ఇది ఒక్కటేనమ్మా. ఇది కూడా పోతే నేనింక ఆ చర్చిలో ముందు బెంచీలో కూర్చోలేను" అన్నారు నెమ్మదిగా. కోప్పడినా బాగుండేది. ఆ వారంలోనే కోళ్లకి టీకాలు వేస్తానని చాటింపు వేయిస్తే సగం మందే వచ్చారు. వచ్చినవాళ్లలో ఒకావిడ, మీ కోళ్లేవండి డాక్టరమ్మగారూ అని చాలా మర్యాదగా అడిగింది.

అక్కడి నుంచి పండుగ దాకా మా ఇద్దరి బతుకూ ఆ పుంజు చుట్టూనే తిరిగింది. వల విప్పేశాం. పగలు పిన్నిగారు నవారు మంచం పెరట్లో వేసుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని కాపలా. మధ్యాహ్నం నేను భోజనానికొస్తే డ్యూటీ నాది, ఆవిడ వంటింట్లోకి. చీకటి పడితే దాన్ని నా స్నానాలగదిలో పెట్టి గడియ వేసేవాళ్లం. అది తెల్లవారకముందే నా చెవిలో కూసేది. నిద్రలేక నా కళ్లు పీక్కుపోయాయి. ఆఫీసులో కుర్చీలోనే కునికేదాన్ని. మెట్ల మీద ప్రెసిడెంటు మాత్రం హాయిగా గుర్రు పెట్టేది. పిన్నిగారికైతే కొత్తగా వచ్చిన చూపంతా తడిక మీదే ఖర్చయిపోయింది.

ఎట్టకేలకు పండుగ వచ్చింది. పుంజుకి కాళ్లు కట్టి, బుట్టలో పెట్టి ఇద్దరం మోసుకెళ్లాం. పిన్నిగారు దాన్ని ముందు పెట్టి, తల వంచి చాలాసేపు ప్రార్థన చేశారు. ఆరాధన అవ్వగానే భోజనానికైనా ఆగకుండా, నేను పోయి కాసేపు పడుకుంటానమ్మా అని ఇంటికి వెళ్లిపోయారు. నేను వేలానికి ఉండిపోయాను. గుమ్మడికాయలయ్యాయి, గెలలయ్యాయి. మా పుంజు వంతు వచ్చేసరికి పాడుతున్నది టిఫిన్ హోటలాయన. ఆయన ఆదివారం సాయంత్రం కోడి పలావు కూడా చేస్తాడని నాకు తెలుసు. పుంజు బుట్టలోంచి మెడ చాచి నన్నే చూస్తోంది. (అది ఎవరినైనా అలాగే చూస్తుంది. అప్పుడది తోచలేదు.) నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. మీరు పాడాక మేమేం పాడతామండి అంటూ ఆయన తప్పుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పిన్నిగారు ఎంత సంతోషిస్తారో అనుకుంటూ పుంజుని చంకలో పెట్టుకుని ఇంటికి దాదాపు పరుగెత్తాను.

పిన్నిగారు వసారాలో మంచం మీద ఆదమరిచి నిద్రపోతున్నారు. కర్ర కింద పడి ఉంది. నా అడుగుల చప్పుడుకి కళ్లు తెరిచి, నన్ను చూసి, నా చంకలోది చూసి, అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏంటమ్మా అది?"

"మన పుంజేనండి. నేనే పాడుకున్నాను."

 ఆవిడ అన్నారు, "దేవుడికి ఒప్పజెప్పి, ఎన్నాళ్లకో నడుం వాల్చానమ్మా. ఆయన కూడా ఉంచుకోలేక నీతో పంపించేశాడా?"

అని, మంచం మీద నుంచి వంగి కర్ర తీసుకుని, లేచి కూర్చున్నారు.

ఆ పుంజు ముసలిదై దాని చావు అది చచ్చింది. అంతకాలమూ ఎవరు కాపలా కాశారో చెప్పక్కర్లేదు. తరవాత నాకు జంగారెడ్డిగూడెం వైపు బదిలీ అయింది. ఇక్కడ ఎవరైనా కోళ్లు పెంచుతానంటే టీకాల సంగతి తరవాత, ముందు మీ ఇంట్లో ఖాళీగా కూర్చునేవాళ్లు ఎవరున్నారండి అని అడుగుతాను. అయినా ఒక్కోసారి, కోడిని చంకలో పెట్టుకుని, ఒళ్లంతా రెట్టలతో, మెచ్చుకుంటారని ఆ గుమ్మంలో నిలబడ్డ, అప్పటి నేననే పిల్ల గుర్తొస్తుంది. పాపం, అలసిపోయిన మనిషికి ఇంకాస్త పని తెచ్చిపెట్టానని దానికి అప్పటికింకా తెలియదు. దాన్ని తిట్టాలనిపించదు. కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వాలనిపిస్తుంది.