మేడం ఒప్పుకోని పేరా

మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఆమె మీద కోపంగానే ఉన్నాను. ఆ సంగతి దాచిపెట్టి ఇక్కడ నాలుగు మంచి మాటలు రాస్తే ఆమె ఒప్పుకోరు. ఆ రోజు పొద్దున ఆరింటికి ఫోన్ చేసి, నేను మూడు నెలలుగా కుస్తీ పడుతున్న పాఠంలో చివరి పేరా మళ్ళీ రాయమన్నారు. అప్పటికి ఏడుసార్లు రాశాను. "ఇక నావల్ల కాదు మేడం, కావాలంటే మీరే రాసుకోండి" అని ఫోన్ పెట్టేశాను. పదకొండింటికి నేను క్లాసులో ఉండగా బాబాయ్ ఫోన్ చేశారు. బాబాయ్ అంటే మేడం భర్త, బొగ్గుగనిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయిన మనిషి. "మీ మేడం పోయింది బిడ్డా. కూసున్నకాడనే పోయింది" అన్నారు. మా ఇరవై ఏళ్ళ వాదనల్లో చివరి మాట నాది కావడం అదొక్కసారే. దాన్ని వెనక్కి తీసుకునే వీలు లేకుండా చేసి వెళ్ళిపోయారు.

ఆమె కొత్తగూడెంలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పారు. నేను ఆమె దగ్గరే చదువుకుని, తర్వాత ఆమె పక్క కుర్చీలోనే లెక్చరర్‌గా చేరాను. ఆమె దగ్గర చదవడం కష్టం, పక్కన పనిచేయడం ఇంకా కష్టం. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పేవారు కాదు. మనం తప్పు చేస్తుంటే చూస్తూ కూర్చుని, తప్పు పూర్తిగా పండాక అప్పుడు నోరు విప్పేవారు. ఎవరి టిఫిన్ డబ్బా అయినా మూత తీసి చూసేవారు. ఎవరి కలమైనా తీసుకుని మూత ఒకచోట, కలం ఒకచోట పడేసేవారు. నా దగ్గర ఇప్పటికీ మూతలు లేని కలాలు డజనుకు పైగా ఉన్నాయి.

గుడ్ల సంగతి చెప్పాలి. నేను ఫైనలియర్‌లో ఉండగా కోడిపిల్ల పిండాన్ని చూసే ప్రాక్టికల్ వచ్చింది. గుడ్లు తెచ్చే పని నాకు అప్పగించారు. కిరాణా కొట్టుకు వెళ్ళి, మంచి తెల్లటి గుడ్లు ఏరుకుని తెచ్చి ఇంక్యుబేటర్‌లో పెట్టాను. మేడం వచ్చి ఒకసారి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. మూడు రోజులు, పొద్దునా సాయంత్రం వాటిని తిప్పుతూ కాపలా కాశాను. నాలుగో రోజు పగలగొడితే పచ్చసొన ఉన్నది ఉన్నట్టే ఉంది, పిండం జాడే లేదు.

"ఫారం గుడ్డయ్యా అది. అక్కడ పుంజే ఉండదు. పిండం ఏడికెల్లి వస్తది?" అన్నారు మేడం.

"మొదటి రోజే చెప్పొచ్చు కదా మేడం."

"చెప్తె యాదుంటదా నీకు?"

నాకు మండిపోయింది. ఇంకా మండిపోయే విషయం ఏమిటంటే, అది నాకు తెలుసు. తిరుమలాయపాలెం పక్కన మా తండాలో ప్రతి ఇంట్లో కోళ్ళుంటాయి. పుంజు లేని చోట గుడ్డు పొదిగినా పిల్ల కాదని మా అమ్మ నోట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. కాలేజీ గేటు దాటగానే అదంతా ఇంటి విషయం, సైన్సు వేరు అనుకున్నాను. మా క్లాసులో సగం మంది నాలాంటివాళ్ళే. ఒక్కరూ ఆ గుడ్లను అనుమానించలేదు.

ఆ వారమే నన్ను బస్సెక్కించి పినపాక సంతకు తీసుకెళ్ళారు. ఊకలో గుడ్లు పెట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ, మేము అడగకముందే, "తిననీకా, పొదగనీకా?" అంది. మేడం జవాబు నాకు వదిలేసి, కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశారు. తిరుగు ప్రయాణంలో కూడా మధ్యమధ్య అలా చూస్తూనే ఉన్నారు. బస్సు దిగి నడిచిపోదామా అనిపించింది.

పొదగడానికని ఆ ముసలమ్మ దగ్గర కొన్న గుడ్లలో ఒకదానికి, ఇంక్యుబేటర్‌లో పెట్టిన మూడో రోజున పైన చిన్న కిటికీలా పెంకు కోశాం. పచ్చసొన మీద సన్నటి ఎర్రటి రక్తనాళాలు, వాటి మధ్య కొట్టుకుంటున్న ఒక చుక్క. అది గుండె. క్లాసులో ఎవరూ కదలలేదు. నేను ఈ చదువు వదలకుండా ఇక్కడిదాకా వచ్చానంటే అది ఆ చుక్క పుణ్యమే, దాన్ని చూపించిన మనిషి పుణ్యమే. ఆమె మాత్రం, "చూసిన్రు గదా, ఇగ మూయుండ్రి. చల్లగాలి తగులుతది" అన్నారు. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్ళి, "గిప్పుడు తప్పయితె మళ్ళ దిద్దుకునేది లేదు. మీకు సప్లిమెంటరీ ఉన్నది, పిండానికి లేదు" అన్నారు. ఆ మాట ప్రతి బ్యాచ్‌కూ చెప్పారు. ఇప్పుడు నేనూ చెబుతున్నాను, నా మాటే అన్నట్టు.

రిటైరయ్యాక శాంతిస్తారని డిపార్ట్‌మెంటంతా ఆశపడ్డాం. నెల తిరగకుండా కొత్త పని మొదలుపెట్టారు. అడవి ఊళ్ళ నుంచి తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లలు డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకాలు చూసి బెదిరిపోతున్నారని, వాళ్ళకోసం పిండం మీద తెలుగులో ఒక చిన్న పుస్తకం వేయాలన్నారు. వేయాలన్నది ఆమె, రాయాల్సింది మేము. నాకు వచ్చిన పాఠం, పిండం తొలి దశలో కణాల మధ్య సంకేతాలను స్కాఫోల్డ్ ప్రొటీన్లు ఎలా ఒక పద్ధతిలో పెడతాయన్నది.

దానికొక నియమం పెట్టారు. రాసినదాన్ని నేను వాళ్ళ ఇంటి వరండాలో బాబాయ్‌కి చదివి వినిపించాలి. బాబాయ్ దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. మేడం వాకిట్లో పీట మీద, మాకు వీపు పెట్టి, కూరగాయలు తరుగుతూ కూర్చుంటారు. బాబాయ్ సరిగ్గా చెబితే "ఊఁ" అంటారు. తడబడితే "మళ్ళా" అంటారు. అంతకుమించి ఒక్క ముక్క కూడా చెప్పరు. ఎక్కడ చెడిందో నేనే వెతుక్కోవాలి.

మొదటి రోజు స్కాఫోల్డ్‌ను పరంజా అని రాసుకెళ్ళాను. అప్పుడొక్కసారి వెనక్కి తిరిగారు. "ఇల్లు కట్టినంక పరంజా ఇప్పేస్తరు. ఇది కణంలనే ఉండి పని చేస్తది. స్కాఫోల్డ్ అనే రాయి. పేరు తెల్వకున్నా నడుస్తది, పని తెల్వాలె" అన్నారు. ఆ మాట కోసం ఒక వారం నిఘంటువులు తిరగేశానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పాఠంలో మొదటి భాగం బాబాయ్‌కి తేలిగ్గానే అందింది. తొలి దశలో పిండంలోని కణాలన్నీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. ఏది వీపు వైపు పోవాలి, ఏది పొట్ట వైపు పోవాలి అన్నది అవి ఒకదానికొకటి పంపుకునే కబుర్లను బట్టి తేలుతుంది. కబురు వచ్చి కణం పైపొరను తాకుతుంది. లోపల ఒక ఎంజైము రెండోదాన్ని లేపుతుంది, రెండోది మూడోదాన్ని లేపుతుంది, మూడోది కబురును కేంద్రకం దాకా చేరుస్తుంది. ఈ ముగ్గురూ కణంలో తలోచోట తిరుగుతుంటే కబురు ఆలస్యమవుతుంది, లేదా ఇంకో దారి పడుతుంది. స్కాఫోల్డ్ ప్రొటీన్ ఈ ముగ్గురినీ పక్కపక్కన పట్టి నిలబెడుతుంది. చాలావరకు అది తాను ఎవరినీ లేపదు, పట్టి ఉంచుతుంది, అంతే.

"అవ్, సమజైంది. గనిల డ్రిల్లు కొట్టేటోడు, పేలుడు మందు పెట్టేటోడు, బొగ్గు ఎత్తేటోడు, అందరు ఒక్కకాడ వరసల ఉండాలె. ఉంచేటోడే సర్దార్" అన్నారు బాబాయ్. పీట మీద నుంచి "ఊఁ" వినిపించింది.

చిక్కంతా చివరి పేరాతో వచ్చింది. స్కాఫోల్డ్ లేకపోతే సంకేతం బలహీనపడుతుంది, కొంత పెంచితే బలపడుతుంది, మరీ ఎక్కువైతే మళ్ళీ పడిపోతుంది. దీన్ని నేను, "అధిక మోతాదులో భాగస్వామ్య అణువులు వేర్వేరు సంక్లిష్టాలుగా విభజింపబడుట వలన సంకేత ప్రసారము క్షీణించును" అని రాశాను. తప్పేమీ లేదు. పరీక్షలో రాస్తే ఫుల్ మార్కులు పడతాయి.

"ఎక్కువైతే తక్కువెట్లయితది బిడ్డా?" అన్నారు బాబాయ్. "సర్దార్లు ఎక్కువైతే పని ఆగుతదా? నేను ఒప్పుకోను."

"మళ్ళా" అన్నారు మేడం.

ఇలా ఏడుసార్లు జరిగింది. బొమ్మ గీసుకెళ్ళాను, ఉదాహరణలు మార్చాను, వాక్యాలు విడగొట్టాను. బాబాయ్ అదే ప్రశ్న, మేడం అదే మాట. ఒకరోజు విసుగెత్తి, "ఈ ఒక్క పేరా అర్థం కాకపోతే పిల్లలకు వచ్చే నష్టమేంటి మేడం?" అన్నాను. ఆమె కత్తిపీట పక్కకు జరిపి, "నీకు అర్థమైందా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నవాణ్ణి పట్టుకుని అడిగే మాటా అది? ఆ కోపమే ఆ రోజు పొద్దున ఫోన్‌లో బయటికి వచ్చింది. అలా అనకుండా ఉండాల్సింది. ఈ మాట ఎన్నిసార్లు రాసినా ఆమెకు చేరదు కాబట్టి ఒక్కసారే రాస్తున్నాను.

ఆమె పోయిన వారానికి ప్రెస్సువాళ్ళు పుస్తకం అడిగారు. ఇక "మళ్ళా" అనేవాళ్ళు లేరు కదా అని, ఆ పేరా ఉన్నదున్నట్టు ఇచ్చేద్దామనుకుని బాబాయ్‌తో చెప్పాను. "నాకు సమజ్ కాలే. ఆమె ఊఁ అనలే. ఎట్ల ఇస్తవు?" అన్నారు. ప్రెస్సువాళ్ళను పదకొండో రోజు దాకా ఆగమన్నాను. పదకొండో రోజుకు మాత్రం కొత్తగా ఏం ఊడిపడుతుందో నాకూ తెలియదు.

పదకొండో రోజు భోజనాలకు ఆమె దగ్గర చదివినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఇంటి ముందు షామియానా వేసి మూడు వరసల బల్లలు వేయించాం. భద్రాచలం వైపు నుంచి అడ్డాకు విస్తర్లు తెప్పించాం. వడ్డించేవాళ్ళు ముగ్గురు. ఒకరి దగ్గర అన్నం, ఒకరి దగ్గర పప్పు, ఒకరి దగ్గర మాంసం కూర. ఒకరి వెనక ఒకరు పోతే ఇట్టే అయిపోయే పని. కాలేజీలో ఏ విందు జరిగినా మేడం గరిట ముట్టకుండా వరసల మధ్య నిలబడి, "అన్నం ఇటు రా, వెనక పప్పు రా" అని నడిపించేవారు. తిననిస్తారా లేదా అని అప్పుడు విసుక్కునేవాణ్ణి.

ఆ రోజు ఆ పని నాదే అనుకుని నడుం బిగించాను. ఆమెకు దగ్గరివాణ్ణి నేనే కదా. అన్నం పళ్ళెం పట్టుకున్నతని చెయ్యి పట్టి మొదటి వరసలో నిలబెట్టి, "నువ్వు ఇక్కణ్ణించి కదలకు" అన్నాను. మా సీనియర్ ఒకావిడ, ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్, ఆమెకూ అదే ఆలోచన వచ్చింది. పప్పు బకెట్ అతన్ని రెండో వరసలో ఆపింది. నా క్లాస్‌మేట్ ఒకడు, బ్యాంకు మేనేజరు, కూర అతన్ని మూడో వరసకు లాక్కుపోయాడు. ముగ్గురం ముగ్గురినీ గట్టిగా పట్టుకుని, "పప్పు పంపించండి", "ముందు అన్నం ఇటు పంపు", "కూర ఆగుతుంది, అన్నమేది?" అని ఒకరిమీద ఒకరం కేకలు వేస్తున్నాం. మొదటి వరసలో ఒట్టి అన్నం. రెండో వరసలో ఖాళీ విస్తరి మీద పప్పు పారుతోంది. మూడో వరసలో కూర ముక్కలు చూసుకుంటూ కూర్చున్నారు. ఇంతమందిమి ఉండి ఒక్క మనిషికి కూడా అన్నం పెట్టలేకపోయామని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కుర్చీలో కండువా కప్పుకుని కూర్చున్న బాబాయ్ లేచి నా దగ్గరికి వచ్చారు.

"బిడ్డా, వడ్డించేటోళ్ళు ఎందరు?"

"ముగ్గురు బాబాయ్."

"నిలబెట్టేటోళ్ళు?"

నేను హెడ్‌మిస్ట్రెస్ వైపు, మేనేజర్ వైపు చూశాను. నా చెయ్యి ఇంకా ఆ అన్నం మనిషి మణికట్టు మీదే ఉంది.

"గిదేనా నువ్వు చెప్పలేకపోయింది?" అన్నారు బాబాయ్.

నేను చెయ్యి వదిలేశాను. నా చేతిలోంచి బయటపడ్డ అతను దణ్ణం పెట్టినంత పని చేసి రెండో వరసకు వెళ్ళిపోయాడు. మేనేజరు కూడా ఏమనుకున్నాడో కూర అతన్ని వదిలాడు. హెడ్‌మిస్ట్రెస్ ఒక్కావిడే మధ్యలో నిలబడి ముగ్గురినీ ఒకరి వెనక ఒకరిని నడిపించింది. నేను మొదటి వరసలోనే, ఒట్టి అన్నం ఉన్న ఒక విస్తరి ముందు కూర్చున్నాను. బాబాయ్ పక్కన కూర్చుని, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టారు.

"ముగ్గురు పనోళ్ళు. వాళ్ళను ఒక్కకాడ నిలబెట్టేటోడుంటె కబురు లోపటికి పోతది. పనోళ్ళు చాలినంతమంది ఉంటె, నిలబెట్టేటోడు ఇంకొకడొచ్చినా మంచిదే. పనోళ్ళు గంతే ఉండి నిలబెట్టేటోళ్ళే పెరిగితె, తలా ఒకణ్ణి పట్టుకుంటరు. అందరి చేతుల మనిషి ఉంటడు, ఏడా పని కాదు. పిండంల గట్లయితె వీపు కావలసింది వీపు కాదు. మళ్ళ దిద్దుకునేది లేదు." చివరగా, "సర్దార్లయినా గంతే తియ్యి" అన్నారు.

ఎక్కడా తడబడలేదు. ఆ పేరా అంతకంటే బాగా నేను రాయలేను. అదే రాసి మర్నాడు ప్రెస్సుకు ఇచ్చాను. మేడం పోయి కూడా నాతో ఎనిమిదోసారి రాయించారు.

అప్పుడు మాత్రం, ఆయన చెప్పడం ముగిశాక, ఇద్దరం అలవాటు కొద్దీ "ఊఁ" కోసం వాకిలి వైపు చూశాం. ఆమె పీట అక్కడే ఉంది. దాని మీద ఎవరో మిగిలిన విస్తర్ల కట్ట పెట్టారు.