ఎడమవైపు వెనక చక్రం

మా చెల్లెలి భర్త ముప్పై నాలుగేళ్ళు టైపు యంత్రాలు బాగుచేశాడు. ఆఫీసులు ఒక్కొక్కటిగా ఆ యంత్రాలను అటక ఎక్కించాక, తన చిన్న స్క్రూడ్రైవర్లనూ పట్టకార్లనూ ఒక రేకు పెట్టెలో సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ పెట్టె తెరవవలసిన అవసరం లేకుండా మూడు నెలలు గడిచాయి. ఆ మూడు నెలల్లో అతడు ఇంట్లో తలుపు గడియలన్నీ రెండేసి సార్లు విప్పి బిగించాడు. నాలుగో నెలలో ఒక పాత కారు కొన్నాడు.

అది ఐరోపాలో తయారైన చిన్న కారు. రెండే తలుపులు, గుండ్రని దీపాలు. నలుగురు కూర్చోవచ్చునని కాగితాలలో ఉంది. వెనక కూర్చున్నవారు దిగాలంటే ముందున్నవారు కూడా దిగి సీటు మడవాలి కనుక, ఆ కారు వెనక సీటు నుంచి ఎవరూ ఒంటరిగా దిగిన సందర్భం నాకు గుర్తులేదు. ఆ నమూనా తయారీ ఎన్నడో ఆగిపోయింది, విడిభాగాలు దొరకవు. దొరకవు అన్న మాట విన్నప్పుడల్లా మరిది ముఖం వెలిగేది.

ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో, కారు రాకముందు, మా చెల్లెలి కుట్టుమిషను ఉండేది. ఆమె దర్జీ. కారు వచ్చిన రోజున మిషనును తాత్కాలికంగా వంటగదిలోకి మార్చారు. ఆ తాత్కాలికానికి ఇటీవలే నాలుగేళ్ళు నిండాయి. చొక్కాలకు వేపుడు వాసన వస్తోందని ఒకరిద్దరు మర్యాదగానే చెప్పి, తరువాత రావడం మానేశారు.

రవాణా ఆఫీసులో కారుకు అయిదేళ్ళకొకసారి చేయించవలసిన సామర్థ్య పరీక్షకు గడువు దగ్గరపడగానే, చెల్లెలు విషయం తేల్చింది.

"ఈసారి ఇది పాసవకపోతే తుక్కుకి పంపేయాలి. షెడ్డు నాకిచ్చేయాలి."

"పాసైతే?"

"అయితే నేను మళ్ళీ నోరెత్తను. అక్క ముందు చెప్తున్నా."

"మీ అక్క ముందు కాకపోతే ఇంకెక్కడ చెప్తావు? ఆవిడ రోజూ ఇక్కడే ఉంటారుగా," అన్నాడు మరిది. నా ఇల్లు పక్క వీధిలోనే.

పరీక్షలో కారు నెగ్గలేదు. "ఎడమవైపు వెనక చక్రానికి బ్రేకు పట్టట్లేదు," అన్నాడు అధికారి. "పదిహేను రోజుల్లో మళ్ళీ తీసుకురండి. అప్పుడూ ఇంతే అయితే రిజిస్ట్రేషన్ రద్దు."

మరిది పని తీరు వేరు. ఏ భాగం విప్పినా ముందు నోటుపుస్తకంలో దాని బొమ్మ గీస్తాడు. తెల్లని గుడ్డ మీద వాటిని విప్పిన వరుసలోనే పేరుస్తాడు. తిరిగి బిగించేటప్పుడు, కదిలే ప్రతి భాగానికీ సూదిమొనతో ఒక్క చుక్క నూనె వేస్తాడు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క చుక్క ఎక్కువగానీ తక్కువగానీ వేయలేదని అతని నమ్మకం.

చక్రంలోని బ్రేకు సిలిండరు కారుతోందని నిర్ణయించి, దాని రబ్బర్లు మార్చాడు. ఆ పైన బ్రేకు గొట్టాల్లోని గాలి తీయాలి. అది ఇద్దరు చేయవలసిన పని. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కిపట్టుకుంటే, మరొకరు చక్రం దగ్గర మర వదులు చేసి గాలి బుడగలను బయటికి పంపాలి. మర బిగించక ముందే పెడలు వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. చెల్లెలు తన ప్రయోజనానికి విరుద్ధమైన పని చేయనంది. అందుచేత నేను కూర్చున్నాను.

"నొక్కండి వదినగారూ."

"నొక్కాను."

"వదలకండి."

"వదలడం లేదు."

"వదిలినట్టు అనిపించింది."

"మరిదిగారూ, బళ్ళో నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టిన కాలు ఇది."

"పిల్లల్ని కాలితో పెట్టారా?"

ముప్పావుగంట తొక్కాను. వీధిలో పోతున్నవారు ఎక్కడికి ప్రయాణమని అడిగారు. కదలని కారులో కూర్చుని ఆ ప్రశ్నకు జవాబివ్వడం కష్టమే.

మర్నాడు వీధిలో నడిపి చూశాడు. బ్రేకు వేసినప్పుడల్లా కారు కుడివైపుకు, మందుల దుకాణం మీదికి పోయింది. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ పోయింది. నాలుగోసారికి దుకాణదారు గుమ్మంలోకి వచ్చి, "ఏం కావాలో అక్కణ్ణుంచే చెప్పండి సార్, తెచ్చిస్తాను," అన్నాడు.

ఇంక నాలుగు రోజులే మిగిలాయి. మరిది చక్రం మళ్ళీ విప్పాడు. సిలిండరు పొడిగా ఉంది, స్ప్రింగులు బిగువుగా ఉన్నాయి. నోటుపుస్తకంలో బొమ్మకూ గుడ్డ మీద వస్తువులకూ తేడా లేదు. అతడు గొంతుక్కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఆఫీసులు టైపు యంత్రాలను అటక ఎక్కించినప్పుడు కూడా అతణ్ణి అలా చూడలేదు.

అప్పుడు చెల్లెలు మెడలో కొలత టేపుతో వచ్చింది. గోడకు బీరువా పడుతుందో లేదో చూడడానికే వచ్చింది. ఆ సంగతి దాచనూ లేదు. గోడ కొలిచి, అంకె వేలి మీద రాసుకుని, వెళ్ళబోతూ గుడ్డ మీదున్న బ్రేకు షూ తీసి చూసింది. చక్రాన్ని లోపలినుంచి ఒరుసుకుని ఆపే అర్ధచంద్రాకారపు ముక్క అది.

"ఏమండీ, ఇదేంటి, నా మిషను నూనె వాసనొస్తోంది?"

"రాదూ మరి? వేశానుగా."

"దేనికి?"

"స్ప్రింగుకి, లివరుకి. కదిలేవాటికన్నిటికీ ఒక్కో చుక్క."

"ఎప్పుడు వేశారు?"

"విప్పినప్పుడల్లా. నెలకోసారి."

"నాలుగేళ్ళుగా?"

చెల్లెలు బొటనవేలితో షూ అంచు మీద చక్రానికి ఒరుసుకునే పట్టీని, లైనర్‌ను, గట్టిగా అదిమి, ఆ వేలు అతనికి చూపించింది. వేలు మెరుస్తోంది.

"ఇది ఆగడానికి పెట్టిందా, జారడానికి పెట్టిందా?"

కుడివైపు వెనక చక్రం బాగానే ఉండడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. ఆ వైపు గోడకూ కారుకూ మధ్య జానెడే చోటు. మనిషి దూరలేడు కనుక ఆ చక్రానికి అతని శ్రద్ధ అందలేదు.

వంటగదిలో నేను చెల్లెల్ని అడిగాను. "నాలుగు రోజులు నోరు మూసుకుంటే షెడ్డు నీదయ్యేది కదే?"

"అయ్యేది."

"మరి?"

"కుట్టు ఊడుతుందని తెలిసీ చొక్కా ఇచ్చేస్తామా అక్కా?" అని, ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఇంకేమీ అడగడానికి వీలులేని చప్పుడది.

నూనె పీల్చిన లైనర్ కడిగితే పోదు. మరిది వెనక రెండు చక్రాల షూలనూ సంచిలో వేసుకుని, వాటికి కొత్త లైనర్లు అతికించే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మేస్త్రి ఎడమవాటిని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఎవరండీ వీటికి నూనె పట్టించింది?"

"నేనే."

"కారు మీద ఏమన్నా కోపమా?"

"లేదండీ, శ్రద్ధ."

మేస్త్రి నా వంక చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

పరీక్ష రోజున చెల్లెలూ నేనూ కూరగాయలు కొని వచ్చేసరికి మరిది బయలుదేరి వెళ్ళిపోయాడు. మేము గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలిచాము. పదకొండున్నరకు కారు వచ్చి, వీధిలో, గేటు బయటే ఆగింది. తిన్నగానే ఆగింది. అతడు దిగి తలుపు తాళం వేశాడు.

"కాగితం ఇచ్చారా?" అంది చెల్లెలు.

"ఇచ్చారు. అయిదేళ్ళకి."

ఆమె ఒడిలోని చిక్కుళ్ళు గిన్నెలోకి ఒంపి లేచింది. "సరే. నోరెత్తనన్నాను, ఎత్తను. లోపల పెట్టుకోండి."

"పెట్టడానికి లేదు. కాగితం కారుకిచ్చారు. షెడ్డుకివ్వలేదు."

చెల్లెలు వెళ్ళి షెడ్డు తలుపు తీసింది. కుట్టుమిషను కిటికీ పక్కన ఉంది, వెలుతురు ఎడమ భుజం మీదుగా పడేలా. నేల కడిగి ఉంది.

"ఎప్పుడు మార్చారు?"

"పొద్దున్న. మీరు కూరలకి వెళ్ళినప్పుడు."

"అప్పటికింకా పరీక్షకి వెళ్ళలేదుగా మీరు?"

"లేదు."

"తీరా పాసవకపోయుంటే?"

"అప్పుడైతే మిషను మోసే ఓపిక ఉండేది కాదు."

చెల్లెలు మిషను చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పి చూసింది. తరువాత వీధిలోకి వచ్చి, మెడలోని టేపు తీసి, ఒక కొస అతని చేతికిచ్చింది. ఎండకూ వానకూ కవరు కావాలి కదా. దీపం నుంచి వెనక బంపరు దాకా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచింది. మరిది చెప్పినచోటల్లా టేపు పట్టుకున్నాడు.

"పక్క అద్దాల దగ్గర కాస్త వదులు పెట్టు," అన్నాడు. "బిగిస్తే చిరుగుతుంది."

"మీరు నాకు నేర్పకండి. చేతులున్నవాళ్ళకి ఎన్ని చొక్కాలు కుట్టలేదు," అంది.