బుడ్డశనగ పాఠం, బొరుగుల ఉండలు

ప్రొద్దుటూరులో చీరల అంగడిలో పనిచేసే రోజుల్లో, మధ్యాహ్నం అన్నం తిన్నాక దొరికే కాస్త తీరికలో గ్రంథాలయానికి పోయేదాన్ని. పదో తరగతి దగ్గర ఆగిపోయిన చదువును అక్కడి బల్ల మీద మళ్లీ మొదలుపెట్టుకున్నాను. మాది జమ్మలమడుగు దగ్గర నల్లరేగడి పొలం కాబట్టి చేయి ఎప్పుడూ వ్యవసాయం అర మీదికే పోయేది. మట్టి, తెగుళ్లు, విత్తనం, ఏది దొరికితే అది చదివాను. ఆ అరలో నేను తెరవని పుస్తకం లేదని ఈనాటికీ గర్వంగా చెబుతాను. సాయంత్రం ఊరి బస్సులో కూర్చుని, చదివిందంతా కిటికీకి అప్పజెప్పేదాన్ని.

రైతులకు కొత్త పద్ధతులు నేర్పేవాళ్ల కోసం ప్రొద్దుటూరులోనే శిక్షణ పెడుతున్నారని తెలిసినప్పుడు, ఆ పని నాకోసమే పుట్టిందనుకున్నాను. అంగడి యజమాని సెలవిస్తూ, "పోయిరా పాపా. కుదరకుంటే మన కౌంటర్ యాడికీ పోదులే" అన్నాడు. మంచి మాటే. కానీ ఆ కౌంటర్ వెనక్కి మళ్లీ రాకూడదనే నా పట్టుదల.

శిక్షణలో ఏ ప్రశ్న అడిగినా ముందు లేచేది నా చెయ్యే. మాకు నేర్పే మేడమ్‌ది చక్రాయపేట వైపు. సన్నగా, నవ్వు దాచుకునే ముఖంతో ఉండేది. ఒకరోజు నా వైపు చూసి, "నీకు వచ్చునని నాకు తెలుసమ్మా. నీ ముందర కూర్చున్నోళ్లకు వచ్చిందా లేదా, నాకు అదే కావాల్సింది" అంది. చివరి పరీక్ష కూడా అలాగే పెట్టింది. ఒక్కొక్కరం ఒక్కో ఊళ్లో పాఠం చెప్పాలి. అయిపోయాక ఆమె మమ్మల్ని ఏమీ అడగదు. విన్నవాళ్లలో తనకు నచ్చిన మనిషిని లేపి, విన్నదంతా తిరిగి చెప్పమంటుంది. ఎవరూ అందించకూడదు. ఆ మనిషి చెప్పగలిగితే మేము బోధకులం. లేకుంటే నాకు మళ్లీ చీరల మడతలే.

నా వంతుకు పులివెందుల దగ్గర ఒక ఊరు వచ్చింది. పాఠం, బుడ్డశనగకు, అంటే పప్పుశనగకు, విత్తనశుద్ధి. నేల లోపల మేలు చేసే సూక్ష్మజీవులు కొన్ని ఉంటాయి. అవి శనగ వేళ్లకు బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. వాటిని పొడిలో కలిపి ప్యాకెట్లలో అమ్ముతారు. బెల్లం నీళ్లు కాచి, చల్లార్చి, అందులో ఆ పొడి కలిపి విత్తనానికి పట్టించాలి. ఆ జిగటకే పొడి గింజను అంటుకుంటుంది. ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

ఒక అవ్వ ఇంటి ముందర అందరూ చేరారు. ఆమె పొయ్యి మీద గిన్నె పెట్టించి, "అవ్వా, బెల్లం కరిగి ఒక్క పొంగు వస్తానే దించెయ్" అని చెప్పి, నేను వాకిట్లో ఉపన్యాసం ఎత్తుకున్నాను. వేళ్లు, బుడిపెలు, నత్రజని, పుస్తకంలో ఉన్న వరుసలోనే ధారాళంగా చెప్పుకుపోతున్నాను. అరుగు మీద తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్న మామ ఒకాయన పెద్దగా ఆవులించి, "అమ్మా, ఇది పన్నెండు గంటల బస్సు లోపల అయిపోతాదా?" అన్నాడు. నవ్వులు లేచాయి. మేడమ్ మాత్రం గోడకానుకుని కదలకుండా చూస్తోంది.

అంతలో లోపల నుంచి టంగుమని చప్పుడు. అవ్వ పళ్లెం పట్టుకుని గడప దాటింది. నీళ్లలో వేసి చూసిన పాకం ముద్దను పళ్లానికి మళ్లీ కొట్టి వినిపించింది. టంగ్!

"వచ్చిందమ్మా పాకం! ఎంత బాగొచ్చిందో సూడు!"

నేను ఉపన్యాసం ఆపేశాను. "ఒక్క పొంగుకే దించమంటి కదా అవ్వా?"

"అప్పుడే దించితే ఉత్త నీళ్లే కదమ్మే. పిల్లదానివి, నీకు తెలీదులే అని ఇంగ కొంచేపు పెట్టినా. మా ఇంట్లో బెల్లం పొయ్యెక్కితే పాకం రాకుండా దిగేది ల్యా."

మామకు నిద్ర ఎగిరిపోయింది. "ఇంగేమప్పా! శనగలు దాంట్లోనే యేసి ఉండలు కట్టండి. ఇత్తే గొర్రుతో పనిల్యా, తలా ఒకటి ఇసిరేసి ఇంటికొస్తాం!"

ఊరంతా నవ్వింది. నవ్వకుండా ఉండటానికి నేనూ చాలా కష్టపడ్డాను. ఇలా జరిగితే ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు. గుర్తొచ్చింది అంగడి. అక్కడ ఎవరైనా చీర వద్దని ముఖం తిప్పుకుంటే, మాటలతో బతిమాలేదాన్ని కాదు. మరో చీర విప్పి వాళ్ల చేతి మీద వేసేదాన్ని. చేతికి తగిలాక ముఖం దానంతటదే ఇటు తిరిగేది.

"అవ్వా, బొరుగులు ఉండాయా?"

"ఉండాయి. ఎందుకు?"

"ఇంత మంచి పాకం పారబోస్తామా? ఉండలు కడదాం. ఈలోగా ఇంగో గిన్నె పెడదాం."

పక్కింటి ముస్లిం అక్క, అందరికీ ఆపా, తనింటి నుంచి బెల్లం తెచ్చింది. ఈసారి పొంగు రాగానే నేనే దించాను. అది చల్లారేలోగా ఆడవాళ్లంతా పాకం గిన్నె చుట్టూ చేరి, బొరుగులు కలిపి ఉండలు కట్టడం మొదలుపెట్టారు. మగవాళ్లు తినడం మొదలుపెట్టారు. చేతులు పనిలో పడ్డాక ప్రశ్నలు వాటంతటవే వచ్చాయి.

"ఈ పొడి ఇప్పుడే యేస్తే ఏమైతాది? ఆరేదాకా ఎందుకు కాసుకోవాల?" అంది అవ్వ.

నత్రజని అనబోయి ఆగాను. "పాలు మరిగేటప్పుడు పెరుగు తోడేస్తావా అవ్వా?"

"యాడన్నా యేస్తారా? ఇరిగిపోవూ!"

"ఇదీ అంతే. ఈ పొడిలో ఉండేవీ ప్రాణముండే జీవాలే."

"ఓ, తోడా ఇది!" అంటూ అవ్వ వెంటనే గిన్నెలో వేలు పెట్టి చూసింది. "ఇంగా ఆరల్యా. ఉండండి." ఆ తర్వాత పాఠం పెద్దరికం ఆమెదే. చల్లారిందని ఆమె చెప్పాకే పొడి కలిపాం. టార్పాలిన్ పట్టా మీద శనగలు పోసి, ఆ నీళ్లు చిలకరిస్తూ, గింజ పొట్టు ఊడకుండా ఆడవాళ్లే మెల్లగా కలిపారు. పట్టాను వేపచెట్టు కిందికి లాగి పలుచగా పరిచారు. ఆరగానే ఆ రోజే విత్తాలని మాత్రం నేను చెప్పాను. నా చేతులకు ఆ పొడి కూడా అంటలేదు.

మేడమ్ గోడ దగ్గర నుంచి కదిలింది. అందరినీ చూసి, వేలు తిన్నగా ఆ తువ్వాలు మామ వైపు చాపింది.

"నేనా? నేను ఉండలు తింటాంటి కదమ్మా!" అన్నాడాయన. అయినా లేచి నిలబడ్డాడు. బెల్లం నీళ్లు ఒక్క పొంగు, అవ్వ మాట వినకూడదు, పెరుగు తోడు మాదిరి ఆరినాకే పొడి, పొట్టు ఊడకుండా కలపాల అని నవ్విస్తూనే అన్నీ చెప్పి, "అంతే" అని కూర్చోబోయాడు.

"కలిపినాక ఎండలో ఆరబెడదామా?" అంది మేడమ్.

సగం కూర్చున్నవాడల్లా ఆయన మళ్లీ లేచాడు. అవ్వ నోరు తెరవబోతే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది. మామ చేతిలోని ఉండ వైపు చూశాడు. ఎండకు కరిగి వేళ్లకు అంటుకుపోతోంది. చెట్టు కింద పట్టా వైపు చూశాడు.

"ఎండలో నా ఉండే నిలబడల్యా, ఆ జీవాలు ఏం నిలబడతాయమ్మా? నీడలోనే. ఆరినాక ఆ పొద్దే ఇత్తాల."

మేడమ్ దాచుకున్న నవ్వు అప్పుడు బయటపడింది. "పోమ్మా, నువ్వు బోధకురాలివైనావు" అని నాతో అని, గిన్నెలో ఉండ తీసుకుంది.

మరుసటి రోజు అవ్వ మూటకట్టి ఇచ్చిన ఉండలతో ప్రొద్దుటూరు అంగడికి పోయాను. యజమాని ఒకటి కొరికి, "పాకం బాగా కుదిరిందే. ఇంతకీ ఏమైంది పాపా?" అన్నాడు.

చెప్పాను. ఆయన కౌంటర్ వైపు చూసి, "అయితే ఇంగొకరిని ఎతుక్కోవాలన్నమాట" అన్నాడు. ఒక్క క్షణం దిగులుగా ఉండి, ఇంకో ఉండ కోసం చెయ్యి చాపాడు.