పిక్కలకు రెండు నిమిషాలు

నలభై దాటాక నేను పరుగు మొదలుపెట్టాను. ఒక రోజు పొద్దున్నే పరిగెత్తి, అమలాపురం బస్టాండులో ఓడలరేవు బస్సు కోసం నిలబడితే పిక్కలు బిగుసుకుపోయాయి. స్తంభానికి చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు నొక్కాను. బెంచీ మీద ఎవరో నవ్వడం వినిపించి, సిగ్గేసి ఆపేశాను.

పక్కనే ఖాళీ చేపల గంపతో కూర్చున్న పెద్దావిడ, "ఆపేసేరేంటండి?" అని అడిగింది.

"రోజూ పరిగెడతానండి. తర్వాత ఇలా కాళ్లు సాగదీయాలని కొందరంటారు, అక్కర్లేదని కొందరంటారు. మానేద్దామనుకుంటున్నాను."

"వాళ్ల సంగతి నాకు తెలీదండి. గంప దించేక నేను రోజూ చేస్తాను. చెయ్యకపోతే మర్నాడు మెట్లు దిగలేను."

అంటూనే లేచి, కుచ్చిళ్లు దోపుకుని, నా పక్కన స్తంభానికి చేతులు ఆనించింది. ఆవిడ మడమ నేలకు అతుక్కుపోయింది. నాది ఇంకా లేస్తూనే ఉంది.

"కుదపకండి, మెల్లిగా" అంది.

అటుగా వచ్చిన మా బస్సు కండక్టరు నవ్వాడు. "ఏంటండీ, బస్టాండుని తోసేస్తున్నారా?"

"ఆయ్! ముప్పై ఏళ్లు గంప మోసిన కాళ్లండి ఇవి. ఈవిడవి రోజూ పరిగెత్తే కాళ్లు. రెండు నిమిషాలు ఆగండి" అందావిడ, తల కూడా తిప్పకుండా.

అందరూ మమ్మల్నే చూస్తున్నారు. నేను రెండో కాలు వెనక్కి పెట్టాను. ఏ పరుగు పూర్తిచేసినప్పుడూ నాకంత గర్వంగా అనిపించలేదు.

ఇప్పుడు రోజూ పరుగయ్యాక, వీధిలో ఎవరు చూస్తున్నా, మా ప్రహరీ గోడకు చేతులు ఆనించి రెండు పిక్కలూ సాగదీశాకే ఇంట్లోకి వెళ్తాను.