కాలొస్తే యాడికి పోతావు?

మా వీధిలో నీళ్ళ లైను వేస్తున్నారు. నల్ల పైపుల చివరలు వేడిచేసి ఒకదానికొకటి అతికిస్తుంటే ఆ వాసన కిటికీలోంచి గుప్పుమంది. పక్కింటావిడ ముక్కు మూసుకుని తలుపేసుకుంది. నేను మాత్రం చేస్తున్న పని వదిలేసి, గేటు దగ్గర సిగ్గు లేకుండా నిలబడి పీల్చాను. పొలాలకు నీళ్ళు పారించే ఆ పైపునే పొయ్యిలో మెత్తబెట్టి మనిషికి కాలుగా మలిచే చోట నేను మొదటి ఉద్యోగం చేశాను. ప్రొద్దుటూరులో ఒక రేకుల షెడ్డు అది. దానికి పెద్ద రూతమ్మ సిస్టర్.

ఆవిడ జమ్మలమడుగులో నర్సుగా పనిచేసి రిటైరై, కాళ్ళు పోయినవాళ్ళకు ఉచితంగా కాళ్ళు చేసిచ్చే చిన్న సేవాసంస్థ పెట్టుకుంది. పులివెందుల నుంచీ, రాజుపాలెం నుంచీ మనుషులు వచ్చేవారు. సామాను కొనడానికి చందాలు చాలక, ఫేస్‌బుక్ పేజీ బాగుచేస్తే నలుగురికి తెలుస్తుందని నన్ను పెట్టుకున్నారు. పేజీ తెరిస్తే అన్నీ శాలువాలే. దండలు, మైకులు, మళ్ళీ శాలువాలు. సిస్టర్ కళ్ళజోడు ముక్కు మీదికి దించి నా ఫోనులో అవన్నీ చూసింది.

"ఇవి ఎవురు చూస్తారు పాపా? కప్పినోడు ఒగసారి, కప్పించుకున్నోడు పదిసార్లు. అంతే గదా?" అంది.

శాలువాలు తీసేసి మనుషుల కథలు పెడదామన్నాను. కథంటే నాకు తెలిసింది ఒకటే, కాలు ఎలా పోయిందన్నది. షెడ్డు ముందు పొడవాటి బల్ల ఉండేది, వచ్చినవాళ్ళు దాని మీదే కూర్చునేవారు. నేను ఫోను పట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాను. ఒకాయన బస్సు కింద పడ్డానన్నాడు. పక్కాయనా బస్సే అన్నాడు. ఆ చివరనున్న ముసలాయనదీ బస్సే. కడప జిల్లాలో ఇన్ని కాళ్ళ మీదికెక్కిన ఆ బస్సును పట్టుకుని ఎవరూ కేసెందుకు పెట్టలేదో నాకు అర్థం కాలేదు. లోపలికి పోయి చెబితే సిస్టర్ నవ్వలేదు. నాపరాయి క్వారీల్లో పోయిన కాళ్ళున్నాయి, చక్కెర జబ్బుతో తీసేసినవీ ఉన్నాయి, బాంబులకు పోయినవీ ఉన్నాయి అంది. ఫ్యాక్షన్ కాలం అయిపోయిందని పేపర్లు రాస్తున్న రోజులవి. ఊళ్ళలో మాత్రం ఎవరి జీపు వాళ్ళదే, ఎవరి పార్టీ వాళ్ళదే.

"ఆ బల్ల మీద రెండు పార్టీలోళ్లూ కూర్చోనుంటారు. ఎట్లా పోయిందని అడిగితే అబద్ధం చెప్తారు. కాలొస్తే యాడికి పోతావని అడుగు, నిజం చెప్తారు" అంది.

అడిగి చూశాను. ఎంత వింతగా ఉండేవో ఆ జవాబులు! రాజుపాలెం నుంచి వచ్చిన ఒక అవ్వ రేషన్ షాపు వరసలో తనే నిలబడి, తూకం తక్కువేసే డీలరుతో మొహం మీదే పోట్లాడాలంది. ఒక టైలర్ భాయికి మిషను తొక్కితే చాలట. గండికోట పక్కనే పుట్టి కోట ఎక్కనివాడొకడు, ఎక్కడెక్కడి నుంచో చూడటానికి వచ్చేవాళ్ళంతా ఎక్కుతుంటే తను కింద కూర్చోవడం తలవంపులుగా ఉందన్నాడు. ఇవి పెట్టడం మొదలుపెట్టాక పేజీకి ప్రాణం వచ్చింది. కువైట్‌లో పనిచేసే మనవాళ్ళు రోజూ తొంగిచూసేవారు. సిస్టర్ నాకంటే ముందే వచ్చి, "అవ్వకు ఎవురన్నా జవాబు రాసినారా?" అని అడిగేది. ఆవిడకు ప్రతి మనిషి సంగతీ కావాలి.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. మా దగ్గర పైపు అయిపోయింది. సరిగ్గా అప్పుడే హైదరాబాదులోని ఒక పెద్ద సంస్థ నుంచి ఒకాయన కెమెరాతో దిగాడు. జమ్మలమడుగు అవతలి ఊరి గంగన్నకు పోలింగు రోజు గొడవలో బాంబు తగిలి కాలు పోయిందని ఎక్కడో విన్నాడట. "ఆ సంగతి ఆయన నోటితో చెప్తే చాలు మేడమ్, లక్షలమంది చూస్తారు. ఏడాదికి సరిపడా సామాను మేమే పంపిస్తాం" అన్నాడు.

బల్ల ఈ చివర కూర్చున్న గంగన్న తల గోక్కున్నాడు. "చెప్తాలే సిస్టర్. నాదొగటి చెప్తే పదిమందికి కాళ్లొస్తాయంటే చెప్పనా?"

బల్ల రెండో చివర నరసింహులు చంకకర్ర అందుకుని లేచాడు. అతనిదీ అదే ఊరు, కానీ అవతలి పార్టీ. సిస్టర్ చూసింది.

"కూర్చో నరసింహులూ" అని, కెమెరా ఆయన వైపు తిరిగింది. "అయ్యా, ఆయప్ప చెప్తే ఈయప్ప లేసిపోతాడు. రేపు ఇంగొగరు చెప్తే ఆయప్ప లేసిపోతాడు. బల్ల ఖాళీ అయినాంక నీ సామాను పెట్టుకోని నేనేం జేసేది?"

ఆయన కెమెరా సర్దుకుని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చినంత కోపమొచ్చింది. నోటి దాకా వచ్చిన కూడు తన్నేసుకున్నామని అన్నాను కూడా. సిస్టర్ నన్ను పట్టించుకోకుండా గంగన్న పక్కన కూర్చుంది.

"కాలొస్తే యాడికి పోతావు గంగన్నా?"

"పోలింగు బూతుకు" అన్నాడు గంగన్న గొంతు తగ్గించి. "పోయినసారి మావోళ్లే జీపులో ఎత్తుకోని పోయినారు. సాయం పేరుతో వాళ్లే బటన్ నొక్కినారు. నేను ఓటు ఏసి శానా ఏండ్లయింది సిస్టర్."

నరసింహులు నవ్వాడు. అతను నవ్వగా చూడటం అదే మొదలు. "మా జీపోళ్లు మాత్రం నన్ను నడిపిచ్చినారా ఏంది మామా?"

గంగన్న అతని వైపు తిరిగి చూశాడు. తర్వాత కొంచెం జరిగాడు. ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు మాత్రం అలాగే ఉంది.

ఇది పేజీలో పెడితే రెండు జీపులూ మా షెడ్డు ముందుకొస్తాయి. పెట్టకపోతే పైపు రాదు, పోలింగులోగా వాళ్ళకు కాళ్ళు రావు. సిస్టర్ చాలాసేపు ఆలోచించి నాతో రాయించింది: "ఇద్దరు మనుషులు వాళ్ళ ఊళ్ళోనే ఒక చోటికి తమ కాళ్ళ మీద నడిచిపోవాలనుకుంటున్నారు. ఎక్కడికో మేం చెప్పం. మీరైతే ఎక్కడికి నడిచేవాళ్ళు?"

ఏ ఫొటో లేని ఆ ముక్క ఎంత దూరం పోయిందో! ఒకరు కూతురింటికన్నారు, ఒకరు దర్గాకన్నారు, ఒకరు సెనిక్కాయ చేనికన్నారు. కువైట్ నుంచి ఒకడు వాళ్ళ ఊరి సందులన్నీ వరసగా రాసి, చివర్లో వాళ్ళమ్మ వాకిలి అన్నాడు. అన్నిటి మధ్యా కమలాపురం పైపుల షాపు యజమాని రాసింది ఒకటే మాట: "ఏ సైజు పైపు కావాలి?" అది చదివి వినిపిస్తే సిస్టర్ కళ్ళు తుడుచుకుంది. ఆయన పంపిన పైపుతోనే పోలింగుకు ముందు ఇద్దరి కాళ్ళూ తయారయ్యాయి.

పోలింగు రోజు మధ్యాహ్నం గంగన్న ఫోను చేశాడు. స్పీకరు పెట్టాను.

"పోయొచ్చినా సిస్టర్. జీపు వచ్చింది. ఎక్కమన్నారు. నడిచొస్తాలే పోండప్పా అన్నా. నరసింహులు నాకంటే ముందే వరసలో నిలబడుకోనుండాడు."

నేను ఆగలేకపోయాను. "ఎవరికేసినావు మామా?"

అవతల గంగన్న నోరు తెరిచేలోపే సిస్టర్ నా చేతిలోంచి ఫోను లాక్కుని కట్ చేసింది. ఊళ్ళో అందరి సంగతులూ అడిగే మనిషి, ఆ ఒక్కటీ వినకూడదనుకుంది.

"ఎవురికీ చెప్పకుండా ఉండేదానికే గదా పాపా, ఆయప్ప కాలు కావాలన్నాడు!" అంది.

రూతమ్మ సిస్టర్ ఇప్పుడు లేదు. నేను ఎన్నో సంస్థల పేజీలు చూస్తున్నాను. కెమెరా ముందు కూర్చున్న ప్రతి మనిషినీ అన్నీ అడుగుతాను, అది నా పని, నా జబ్బు కూడా. కానీ తమలోనే ఉంచుకోవాలనుకున్నది వాళ్ళు చెప్పబోయి తడబడతారే, అక్కడ నేనే కెమెరా ఆపేస్తాను. గంగన్న ఎవరికేశాడో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది. తెలియకుండా ఉండటమే బాగుంది.