కొంగు కప్పుకోని రొట్టెలామె

నేను చెప్పేదాంట్లో సగం కోసేసి చదువుకోండి. జొన్నగింజను చూపించి గుమ్మడికాయ అనడం నాకు చిన్నప్పటి అలవాటు. కోపాన్ని మాత్రం కొలిచే రాస్తున్నాను, దాన్ని కోయకండి.

మా అక్క పాతకాలపు దర్బారు పద్ధతిలో చిట్టి బొమ్మలు వేస్తుంది. అరచేతంత కాగితాన్ని నున్నటి రాయితో అద్దమయ్యేదాకా రుద్దుతుంది. ఉడత వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి గీత గీస్తుంది. ఆ క్షణంలో తుమ్మినవాడు జహీరాబాద్ వదిలిపోవలసిందే. పాత బొమ్మల్లో రాజు పెద్దగా, విసనకర్ర పట్టిన ఆడది చిన్నగా ఉంటారు. అక్క ఆ కొలతను తిరగేసింది. రొట్టెలు చేసే ఆమె ఏనుగంత. పొయ్యి చుట్టూ చొక్కాల్లేకుండా, కిరీటాలు పెట్టుకుని రొట్టెకోసం కూర్చున్న మగ దర్బారంతా జొన్నగింజలంత.

మా ఊరి ఫంక్షన్ హాల్లో బొమ్మల ప్రదర్శన పెట్టారు. ముందురోజు కమిటీ పెద్దమనిషి మా ఇంటికొచ్చాడు. ఆయన మీసం చిరాగ్‌పల్లి దాటేసరికి మనిషింకా రాయికోడ్‌లోనే ఉంటాడు.

"రాజులను గింతంత చేసినవ్, ఏమన్నా అన్ననా? గామెకు నెత్తి మీద కొంగు లేదేందమ్మా? జర కొంగు గీయి, రేపు నడిమి గోడకు పెడ్తం. లేకుంటే లేదు."

అక్క పదేళ్లుగా ఎదురుచూసిన గోడ అది.

"ఆమె రెండు చేతులు పిండిల ఉన్నయి పటేలా. ఎట్ల కప్పుకుంటది? మీరొచ్చి కప్పుతరా?" అంది అక్క.

ఆయన పుట్టినప్పటినుంచీ తిన్న ప్రతి రొట్టే, ఎవరో ఒకామె కొంగు నడుముకు దోపుకుని చేసిందే. తినేటప్పుడు కనబడని నెత్తి గోడమీదకెక్కగానే కనబడిందా? నా ఒళ్లు మండింది. టీ కప్పు నేలకేసి కొట్టాను. "కిరీటాలోళ్లకు చొక్కాల్లేవు, ముందు గాళ్లకు కప్పుండ్రి!" అని అరిచాను. మొగుడంపల్లిలో పావురాలు లేచాయి.

మర్నాడు నడిమి గోడకు పెద్దమనిషి సొంత ఫొటో వెలిసింది, పూలదండతో సహా.

ఇక ఒప్పుకుంటాను. మీసాన్ని పెంచాను, అంతే. అరుపు మాత్రం పూర్తిగా అబద్ధం. కప్పు పగల్లేదు. ఆయన టీలో ఇంకో చెంచా చక్కెర వేసి, "చిన్న కొంగే కదక్కా, గీసెయ్యరాదు, ఏం పోతది?" అన్నది నేనే. అక్క ఒక గీత గీసేంతసేపు ఊపిరి బిగబట్టి నన్ను చూసింది. తర్వాత బొమ్మను గుడ్డలో చుట్టి లోపలికి తీసుకుపోయింది.

ఇప్పుడా దర్బారులో ఒకడు ఎక్కువున్నాడు. నాలాగే కళ్లద్దాలు, చేతిలో టీ ట్రే. జొన్నగింజలో పావు వంతు ఉంటాడు. ఆ కొలత అక్కది, నేను పెంచలేదు, తగ్గించలేదు.